పుల్ల సీటు కింద సీసం దిమ్మ

కాస్త ఇటు జరగండర్రా, దగ్గరగా కూర్చోండి. వాకిట్లో నిలబడి అరిచి చెప్పే కథ కాదిది.

పిల్లలకు విమానవిద్య నేర్పే ఎయిర్ క్యాడెట్ స్క్వాడ్రన్‌లో వంటవాడు ఒక ఉదయం మురుగుకాలువలో శవమై తేలాడు. పాపం, వాడు వంటవాడు కాదు, సీక్రెట్ ఏజెంట్.

"వాడి గరిటె ఇక నీ చేతికి," అన్నాడు ఆ ఏజెంట్ల చీఫ్. ఎదురుగా ఏజెంట్ మిరియం కూర్చుని ఉంది. మనిషి పొట్టి, మాట ఘాటు. "విదేశీ ముఠా ఒకటి ఆ పిల్లల మధ్య దూరింది. పక్కనే ఎయిర్ బేస్‌లో మన కొత్త విమానం ఉంది. పైనుంచి ఫొటోలు తీసి పంపే పరికరం తెచ్చారు. పని అవగానే అది భగ్గుమంటుంది. దాన్ని మోసినదీ మిగలదు."

"దేంట్లో పెడతారు?"

"అదే కనుక్కో. అక్కడ ఇంజన్ లేని గ్లైడర్లు నడపడం నేర్పే మేడమ్ మన మనిషే. ‘పాలు కాగాయా’ అని అడుగు. ‘మీగడ కట్టింది’ అంటుంది."

నెరిసిన విగ్గు, జిడ్డు ఏప్రన్, చెవిలో చీఫ్‌తో మాట్లాడే కందిగింజంత రేడియో. మిరియం వంటింట్లో దిగింది. అబ్బ, ఆ కంపు! తడి సాక్సులు, బూట్ పాలిష్, నిన్నటి గంజి కలిసి ముక్కుపుటాలు అదరగొట్టాయి. అయినా పిల్లలు మాత్రం ముత్యాలు. తెల్లారితే డ్రిల్లు, పగలు మ్యాపులు, రేడియో పాఠాలు, సాయంత్రం గ్లైడర్ రెక్కలు తుడవడం. వీళ్ళ మధ్యలోకా ముఠా చేరింది?

మేడమ్ అంటే చూసి తీరాలి. పిల్లలు వెనకాల ‘సెంటు మేడమ్’ అనేవారు. ఎర్రటి గోళ్ళు, నల్ల కళ్ళద్దాలు, ఆమడ దూరం సెంటు వాసన.

"పాలు కాగాయా?"

"మీగడ కట్టింది అక్కా," అంటూ తియ్యగా నవ్వింది. ఆ వెంటనే ఒక పిల్లాడి తల నిమిరి, అటు తిరిగి చేతిని రుమాలుతో తుడుచుకుంది. అది మిరియం కంటబడింది. చిన్న విషయమే, కానీ గొంతులో ముల్లులా నిలిచింది.

వార్షిక ప్రదర్శన రోజు వచ్చింది. విదేశీ అతిథి ఒకడు తెల్ల కోటులో ముందు వరసలో కూర్చున్నాడు. గ్లైడర్ నడపాల్సింది బొండాం అనే లావుపాటి కుర్రాడు. ఉన్నట్టుండి మేడమ్ మాట మార్చింది.

"బొండాం వద్దు. పుల్ల ఎగురుతుంది."

పుల్ల పదహారేళ్ళ పిల్ల, పేరుకు తగ్గ ఒళ్ళు. ఒక్క పరుగున వంటింట్లోకి వచ్చింది. "పిన్నీ! ఒంటరిగా నేనేనట! కడుపులో తిప్పేస్తోంది!"

"తిప్పితే తిప్పనీ. పైకెళ్ళి మమ్మల్నందర్నీ చీమల్లా చూసిరా."

గ్లైడర్‌లో బరువు సరిపోని పిల్లల సీటు కింద సీసం దిమ్మ పెడతారు, ముక్కు పైకి లేవకుండా. ఎప్పుడూ ఇద్దరు కుర్రాళ్ళు మూలుగుతూ మోసుకొచ్చే దిమ్మ అది. ఆ రోజు మాత్రం, టీ కప్పు కూడా తన చేత్తో ఎత్తని మేడమ్ దాన్ని పసిబిడ్డలా ఎదకు హత్తుకుని తెచ్చింది. సీటు కింద బిగించి పుల్ల బుగ్గ గిల్లింది. "నా బంగారం!"

మిరియానికి ఒళ్ళంతా బల్లి పాకినట్టయింది. అంత తేలిగ్గా లేచిందంటే అది సీసం కాదు. దిమ్మ అక్కర్లేని బొండాన్ని తప్పించింది ఇందుకన్నమాట!

"చీఫ్, పరికరం పిల్ల సీటు కిందే ఉంది. మేడమ్ అమ్ముడుపోయింది."

చెవిలో చీఫ్ గొంతు చల్లగా పలికింది. "శభాష్. ఎగరనీ."

"ఏంటీ?"

"సిగ్నల్ మొదలైతేనే అవతల అందుకునేవాడు దొరుకుతాడు. ఎగరనీ మిరియం. ఇది ఆర్డర్."

గ్లైడర్‌కు తగిలించిన కేబుల్ బిగుసుకుంది. దాన్ని లాగే ఇంజన్ గుర్రుమంది. గ్లైడర్ జానెడు కదిలింది.

"స్టాప్!" మిరియం గరిటె పైకెత్తి పరుగెత్తింది. "స్టాప్! స్టాప్!"

"ఆ వంటావిడకు పిచ్చి! కానివ్వండి!" అని మేడమ్ కేక.

కానీ గ్లైడింగ్ మైదానంలో స్టాప్ అని ఊడ్చేవాడు అరిచినా సరే ముందు ఆగాలి, ఎందుకని తర్వాత అడగాలి. పిల్లలకు అది ఒంట్లో ఇంకిపోయింది. రెక్క పట్టుకున్న బొండాం దాన్ని నేలకు ఆన్చి రెండు చేతులూ ఎత్తాడు. పుల్ల పిడి లాగి కేబుల్ వదిలేసింది. అది ఒక్కటే పాములా జరజరా పోయింది.

"ఏం చేశావు పిన్నీ?" పుల్ల ఏడుపు.

"దిగు! ముందు దిగవే తల్లీ!"

మిరియం దిమ్మను ఊడబెరికింది. వింత చూడ్డానికి జనమంతా ముందుకు తోసుకొచ్చారు. తెల్ల కోటు ఒక్కడే వెనక్కి వెనక్కి జరుగుతున్నాడు, జేబులో చెయ్యి పెట్టుకుని. ఆ చెయ్యి జేబులో ఏదో మీట నొక్కినట్టు బిగుసుకోవడం చూసి మిరియం దిమ్మను ఇసక గుంటలోకి విసిరేసింది. నేల తాకీ తాకకముందే తెల్లటి మంట నిలువెత్తు లేచింది.

తెల్ల కోటు పరుగందుకున్నాడు. బొండాం వాణ్ణి పడేసి మీద కూర్చున్నాడు. ఇక వాడు ఏ దేశం వాడైతేనేం, లేస్తేగా!

సెంటు మేడమ్ మాత్రం పారిపోలేదు. కళ్ళద్దాలు సర్దుకుని, "నేను మీవైపేగా అక్కా. వాళ్ళను నమ్మించడానికే..." అంది.

మిరియం కాండ్రించి ఉమ్మింది. "ఏ వైపు నిలబడితే ఏం? పిల్ల కింద నిప్పు పెట్టావు."

చెవిలో చీఫ్ రంకెలు వేస్తూనే ఉన్నాడు. ఆమె ఆ కందిగింజను పీకి కుడితి బకెట్‌లో పడేసింది. సెంటు వాసన కన్నా ఆ గొంతే ఎక్కువ కంపు కొట్టింది ఆమెకు.

పుల్ల ముక్కు తుడుచుకుంటూ అడిగింది. "మరి మళ్ళీ ఎప్పుడు ఎగరనిస్తారు?"

ఈ కథ గుర్తుపెట్టుకోండర్రా. మీ తర్వాతి వాళ్ళకూ చెప్పండి. సెంటు మేడమ్ సంగతి మీరు చెప్పకపోయినా లోకం చెప్పుకుంటుంది. ‘ఎగరనీ’ అన్నవాణ్ణి మాత్రం చెప్పకుండా వదిలేయకండి. వాడికి ఆ ఏడాదే మెడల్ ఇచ్చారు.