అరవై దాటని కారు

ప్రహ్లాద్ సేటు ఆ పొద్దున కూడా మొహం కడుక్కోకముందే కారు దగ్గరికి వెళ్ళాడు. సంగారెడ్డి గంజ్‌లో బెల్లం, మిరపకాయల దుకాణం నడిపే యాభై రెండేళ్ళ మనిషి, బనీను మీద తువాలు కప్పుకుని, ఎర్రకారు మీద పడ్డ మంచును అరచేత్తో తుడుస్తూ నిలబడటం మూడు నెలలుగా ఆ వీధికి అలవాటైపోయింది. మొదట్లో కిటికీల్లోంచి చూసి నవ్వుకున్నవాళ్ళు కూడా ఇప్పుడు నవ్వడం మానేశారు.

అది మామూలు కారు కాదు మరి. రెండే తలుపులు. పైకప్పు గుడ్డది, వెనక్కి మడిచేస్తే నెత్తిమీద ఆకాశం తప్ప ఏమీ ఉండదు. వేగం చూపే ముల్లు ముందు నూట నలభై దాకా అంకెలు. ఆ అంకెలు చూసే ప్రహ్లాద్ మనసు పారేసుకున్నాడు.

నిజానికి మనసు పారేసుకుని ముప్పై ఏళ్ళు దాటింది. నిజాం రోజుల్లో, ఇరవై ఏళ్ళ వయసులో, బెల్లం బండి మీద కూర్చుని బొంబాయి రోడ్డున వస్తుంటే, ఎవరో జాగీర్దారు కొడుకు తోలుతున్న కప్పులేని కారు పక్కనుంచి దూసుకుపోయింది. ఒక్క క్షణం. గాలి వచ్చి మొహానికి తగిలింది, దుమ్ము లేచింది, దుమ్ము అణిగేసరికి రోడ్డు ఖాళీ. ఎడ్లు మాత్రం ఏమీ జరగనట్టు నడుస్తూనే ఉన్నాయి. ఆ కారు ఆనాటి నుంచి ఆయన నిద్రలో పరుగెత్తుతూనే ఉంది. పెళ్ళైనా, కూతురు పుట్టినా, తండ్రి పోయి దుకాణం నెత్తిన పడ్డా అది ఆగలేదు. త్రాసు ముందు కూర్చుని బెల్లం తూస్తూ తూస్తూ ఆయన ఎన్నిసార్లు బొంబాయి దాకా వెళ్ళొచ్చాడో లెక్కలేదు.

అలాంటి మనిషి కారు కొన్న తీరు వింటే గంజ్‌లో ఎవరూ నమ్మరు. మిరపకాయల బస్తా కొనాలంటే మోచేతి దాకా లోపలికి దూర్చి, అడుగున ఉన్న కాయలు తీసి విరిచి చూసేవాడు, కారు మాత్రం ఒక్క గజం నడిపి చూడకుండా తెచ్చుకున్నాడు. శ్రావణ శుక్రవారం, పదిన్నరకు రాహుకాలం. షోరూమువాళ్ళు ఒకసారి తిప్పి చూడమంటే, కొత్త బండి చక్రం మొదట మా ఇంటి దిక్కే తిరగాలని పంతులుగారు చెప్పారని వద్దన్నాడు. కొబ్బరికాయ కొట్టి, భార్యను పక్కన కూర్చోబెట్టుకుని వచ్చేశాడు.

"చాయ్ చల్లారుతున్నది," అంది రుక్మిణి గడపలోంచి. "స్వెటర్ గూడ ఏసుకోలేదు మీరు."

"ఇయ్యాల పటాన్‌చెరు పోత. యాదన్నకు సూపిస్త బండిని."

"యాదన్నకెందుకు? షోరూమోళ్ళున్నరు గద."

"పోయిన నెల సర్వీసుకిస్తె వాళ్ళేం జేసిండ్రు? కడిగి పంపిండ్రు. అరువై దాటుతలేదు రుక్మిణీ. ఎంత తొక్కినా అరువై."

"అరువై సాలదా మనకు?" అంది రుక్మిణి. ఆమె గొంతు మామూలుగానే ఉంది గానీ, చేతిలో కప్పు సాసరు మీద చిన్నగా చప్పుడు చేసింది. ప్రహ్లాద్ అది వినలేదు. ఆయన చెవులకు ఎప్పటినుంచో ఒకే ఒక చప్పుడు వినిపిస్తోంది.

సంగారెడ్డి చౌరస్తా దాటి బొంబాయి రోడ్డెక్కాక ఆయన మళ్ళీ ప్రయత్నించాడు. ముల్లు యాభై, యాభై ఐదు, అరవై. అక్కడ ఆగి, అలిగిన పిల్లలా కదలనంది. వెనకనుంచి ఇటుకల లారీ హారన్ కొట్టి దాటిపోయింది. దాని వెనకే జహీరాబాద్ నుంచి వచ్చే బస్సు కూడా దాటింది. కండక్టర్ కిటికీలోంచి తల బయటపెట్టి, కారును పైనుంచి కిందికి చూసి, జాలిగా చెయ్యి ఊపాడు. ప్రహ్లాద్‌కు కళ్ళల్లో నీళ్ళు తిరిగినంత పనైంది.

ఇస్నాపూర్ దాటాక కొత్తగా ఫ్యాక్టరీల కోసం జాగా కొలిచి రాళ్ళు పాతారు. ఫ్యాక్టరీలు ఇంకా రాలేదు, రోడ్లు మాత్రం వచ్చేశాయి. జొన్నచేల మధ్య నల్లగా, నున్నగా, ఎక్కడికీ పోని రోడ్లు. మనిషి ఉండడు, బండి ఉండదు, ఒక మేకల మంద అప్పుడప్పుడు అడ్డం వస్తుంది అంతే. పోయినసారి వచ్చినప్పుడు ప్రహ్లాద్ అక్కడ కారు ఆపుకుని గంటసేపు ఊరికే కూర్చున్నాడు. ఈ రోడ్డు తనకోసమే వేశారని అనిపించింది ఆయనకు. అలా అనిపించిందని ఎవరికీ చెప్పుకోలేదు.

యాదన్న పటాన్‌చెరులో రేకుల షెడ్డు కింద బండ్లు బాగుచేస్తాడు. బానెట్ ఎత్తి, చెవి ఒగ్గి కాసేపు విన్నాడు. ఇంజన్ ఆపించి, కార్బురేటర్ విప్పాడు. విప్పి నవ్వాడు.

"దొరికింది సేటూ. గిదిగో, సూడుండ్రి."

రూపాయి బిళ్ళ కంటే కొంచెం పెద్దది, మధ్యలో చిన్న రంధ్రం ఉన్న పల్చటి రేకు. ఇంజన్‌లోకి గాలి, పెట్రోలు పోయే దారికి అడ్డంగా బిగించి ఉంది.

"కొత్త ఇంజన్ అలవాటు పడేదాక కంపినోళ్ళే పెడ్తరు. మొదటి సర్వీసుల తీసేస్తరు. మీది సర్వీసయ్యిందన్నరు గద?"

"నెల దాటింది."

"మరి తియ్యలేదేంది? అమ్మేటప్పుడన్న జెప్పిండ్రా?"

"ఒక్క ముక్క జెప్పలే," అన్నాడు ప్రహ్లాద్. ఆ రేకు బిళ్ళను అరచేతిలో పెట్టుకుని చూస్తుంటే ఆయన మొహం ఎర్రబడింది. ముప్పై ఏళ్ళ కలను ఇంత రేకుతో ఆపేశారు. పైగా ఆయన ఒక వర్తకుడు. అడుగున తాలు పెట్టి పైన మంచికాయలు పోసి అమ్మేవాళ్ళను గంజ్‌లో నలుగురి ముందు నిలబెట్టి కడిగేసే మనిషి. అలాంటి తనకే అంటగట్టారు.

యాదన్న బిళ్ళ తీసేసి మళ్ళీ బిగించాడు. "ఇగ సూడుండ్రి సేటూ, పిట్ట లెక్క పోతది," అన్నాడు. చిత్రమేమిటంటే, ఇంటికి వచ్చేదారిలో ప్రహ్లాద్ ఆ ముల్లు వైపు చూడనేలేదు. షోరూము మేనేజర్‌ను ఏ మాటలతో తిట్టాలో వెతుక్కుంటూ, నలభై మీదే ఇల్లు చేరాడు.

మధ్యాహ్నం భోజనానికి పీటలు వేసి ఉన్నాయి. కాలేజీ నుంచి వచ్చిన కూతురు విమల కంచాలు పెడుతోంది. ప్రహ్లాద్ కాళ్ళు కూడా కడుక్కోకుండా వచ్చి, ఆ రేకు బిళ్ళను నేలమీద పడేశాడు. అది గుండ్రంగా తిరిగి తిరిగి రుక్మిణి పాదం దగ్గర పడిపోయింది.

"సూడు, మనకు అమ్మిన బండిల ఏం పెట్టిండ్రో. దాచిపెట్టి అమ్మిండ్రు. రేపు పొద్దుగాల హైదరాబాద్ పోత. ఆ మేనేజర్ నౌకరి ఊడగొట్టకుంట ఇంటికి రాను."

రుక్మిణి బిళ్ళను చూసింది. విమల తల్లిని చూసింది.

"అంత కోపం మంచిది గాదు బాపూ. కూసోండి, మంచినీళ్ళు తాగుండ్రి," అంది విమల.

"నాకు నీళ్ళొద్దు. పిల్లలున్నోడో, సంసారమున్నోడో నాకెరుక లేదు. మోసం జేసినోడు మోసగాడే."

"ఆయన మోసం జేయలే," అంది రుక్మిణి.

ప్రహ్లాద్ ఆమె వైపు తిరిగాడు.

"మీరు టెంకాయ కొడుతుంటే ఆయన నాకే జెప్పిండు. అమ్మా, ఇట్ల బిళ్ళ ఉన్నది, మొదటి సర్వీసుల తీస్తమన్నడు. తియ్యొద్దు, మా ఆయనకు జెప్పొద్దు అని నేనే అన్న. పాపం, ఆ మేనేజర్ అట్ల దాచొద్దనే అన్నడు. నేను చేతులు జోడిచ్చిన."

వంటింట్లో పప్పు పొంగి పొయ్యి మీద పడింది, దాన్ని దించడానికి కూడా ఎవరూ కదల్లేదు.

"ఎందుకు?" అన్నాడు ప్రహ్లాద్.

రుక్మిణి కొంగు చివర వేలికి చుట్టుకుంది. "ఎండాకాలంల దుకాణంల కళ్ళు తిరిగి పడ్డరు గద. హైదరాబాద్ డాక్టర్ మీకు గ్యాస్ అన్నడు. నన్ను బయటికి పిలిచి గుండె అన్నడు. గుండె బాగ నీరసంగున్నది, జోరు పనులు, మెట్లు, కోపతాపాలు ఏం ఉండొద్దన్నడు."

ప్రహ్లాద్ పీట మీద కూర్చున్నాడు. ఆయనకు ఒక్కొక్కటే అర్థమవుతూ వచ్చింది. ఉక్కగా ఉందని మేడ మీది మంచం కిందికి దించారు. దుకాణంలో పనిచేసే అంజయ్య, సేటు కూర్చున్నచోటు నుంచి లేవకముందే ప్రతి బస్తాకూ తానే అడ్డం పడి లేపుతున్నాడు. ఆవకాయ జాడీ బూజు పట్టిందని పారేశారు. గంజ్ దాకా నడవనివ్వకుండా రోజూ రిక్షా. ఆరు నెలలుగా ఇంట్లోవాళ్ళందరూ తన చుట్టూ మెల్లగా, నవ్వు మొహాలతో, ఒక్కో బిళ్ళా బిగిస్తూ వచ్చారు.

"నీకు గూడ ఎరికేనా బిడ్డా?"

విమల తల వంచుకుంది. "ఎరికే బాపూ."

"అంజయ్యకు?"

"ఆయనకు గూడ."

"అంటె ఊరందరికి ఎరికె. గుండె నాది, దాని సంగతి నాకే తెల్వది," అన్నాడు ప్రహ్లాద్. ఆయన గొంతు పెరగలేదు, అదే రుక్మిణిని ఎక్కువ భయపెట్టింది. "కారోడు దాచిండంటె వాడు పరాయోడు. నువ్వెట్ల దాచినవ్ రుక్మిణీ? నాతోని ఒక్క మాటన్న అనాలనిపియ్యలేదా?"

"అనిపిచ్చింది. దినాం అనిపిచ్చింది," అంది రుక్మిణి. ఆమె కూడా నేలమీద కూర్చుండిపోయింది. "కారు కొనొద్దని అడ్డం పడుదమనుకున్న. నోరు రాలే. పెండ్లైన కాంచి సూస్తున్న, నిద్రల గూడ మీరు అదే కారు నడుపుతరు. కొననిచ్చిన. జోరు ఒక్కటే ఆపిన. అది గూడ తప్పే, ఒప్పుకుంట. గాని ఒక్క మాట అడుగుత, కోపం జేయొద్దు. మామయ్య సంగతి డాక్టర్ మీకు జెప్పినప్పుడు, మీరు మామయ్యకు జెప్పిండ్రా?"

ప్రహ్లాద్ ముందున్న కంచాన్ని పక్కకు జరిపాడు.

చెప్పలేదు. పదేళ్ళ కింద, ఇదే ఇంట్లో, తండ్రికి కడుపులో పుండు ముదిరిందని, ఇక మూడు నెలలే మిగిలాయని డాక్టరు పక్కకు పిలిచి చెబితే, ప్రహ్లాద్ గుండె రాయి చేసుకుని లోపలికి వచ్చి నవ్వాడు. డాక్టరు ఏమన్నాడని తండ్రి అడిగాడు. ఏం లేదు బాపూ, పథ్యం ఉంటే సరిపోతుందన్నాడు. ఆ ముసలాయన వచ్చే ఏడు మిరపపంట గురించి మాట్లాడుతూనే పోయాడు. ప్రహ్లాద్ పక్కన కూర్చుని ఊఁ కొడుతూనే ఉన్నాడు. ఆ మూడు నెలలు రోజూ దుకాణం వెనక బెల్లం బస్తాల చాటున నిలబడి ఏడ్చి, కళ్ళు తుడుచుకుని ఇంటికి వచ్చేవాడు. ఆ మూడు నెలలు తన జీవితంలో అన్నింటికంటే పొడుగైనవి.

రుక్మిణికి ఆరు నెలలు.

ఆ లెక్క తెలిసేసరికి ఆయన కోపం ఎటుపోయిందో పోయింది. ఆమె వైపు చూశాడు. ఎప్పుడు ఇంత చిక్కిపోయింది? కళ్ళ కింద ఆ నలుపు ఎప్పటిది? రోజూ మంచు తుడిచేటప్పుడు కారు ఒంటిమీద ఒక్క గీత పడినా గుర్తుపట్టేవాడు, ఈ మనిషిని చూడనేలేదు. సిగ్గుతో ఆయన తల వాలిపోయింది.

"ఎక్కడ ఏడుస్తవు నువ్వు?" అని అడిగాడు మెల్లగా.

"పెరట్ల. బట్టలుతికే బండ కాడ."

విమల లేచి, ఎవరి మొహమూ చూడకుండా, పొయ్యి ఆర్పడానికి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నాలుగు గంటలకు ప్రహ్లాద్ కారు తలుపు తీసి పట్టుకుని రుక్మిణిని రమ్మన్నాడు. ఎక్కడికని ఆమె అడగలేదు. రేకు బిళ్ళను కొంగున ముడేసుకుని వచ్చి కూర్చుంది.

"ఇది మల్ల పెట్టించుకుందామండి. యాదన్న పెడ్తడు," అంది దారిలో.

"వద్దు. నాకు తెల్వకుండ ఇంజన్ల ఆపకు. పక్కన కూసోని ఆపు. నువ్వంటె ఆగుత."

ఇస్నాపూర్ దాటి, ఆ నల్లరోడ్డు మీదికి మళ్ళించాడు. పైకప్పు మడిచేశాడు. కార్తీకమాసపు ఎండ పల్చగా, బెల్లం పాకం రంగులో, జొన్నచేల మీద పరుచుకుని ఉంది. కనుచూపు మేర రోడ్డు. ఇంకా రాని ఫ్యాక్టరీలు, ఇంకా వెలగని దీపాలు, ఇద్దరే మనుషులు. రుక్మిణి అడక్కుండానే చెయ్యి చాపి, ఆయన చొక్కా మీంచి గుండె మీద పెట్టింది.

కారు కదిలింది. యాభై. అరవై. ముల్లు ఈసారి ఆగలేదు. డెబ్బై. గాలి వచ్చి మొహానికి కొట్టింది, ముప్పై ఏళ్ళ కిందటి గాలే అది, చల్లగా, దుమ్ము వాసనతో. చేలు కరిగి పచ్చటి నీళ్ళలా రెండు పక్కలా పారాయి. ఎనభై. ఇంకా ఉంది, పాదం కింద ఇంకా బోలెడు ఉంది, ఆయనకు తెలుస్తోంది. నూట నలభై దాకా అంకెలున్నాయి. అప్పుడు ప్రహ్లాద్ పాదం ఎత్తేశాడు.

కారు మెల్లమెల్లగా పోయి, ఒక హద్దురాయి పక్కన నిలబడింది.

"ఎందుకు ఆపిండ్రు? నేనేం అనలే గద," అంది రుక్మిణి.

"నువ్వు అనలే. నీ చెయ్యి వణుకుతున్నది."

రుక్మిణి ఆ చెయ్యి తీసి మొహానికి అడ్డం పెట్టుకుంది. ఆరు నెలలుగా పెరట్లో చప్పుడు కాకుండా ఏడ్చిన ఏడుపు, ఇప్పుడు చప్పుడుతో వచ్చింది. ప్రహ్లాద్ ఊరుకోమనలేదు. ఇంజన్ ఆపేసి, ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసి, ఎంతసేపు పడితే అంతసేపు కూర్చున్నాడు. ఆయనకూ కళ్ళు తడిశాయి, తుడుచుకోలేదు. మేకల మంద ఒకటి వచ్చి, కారు చుట్టూ తిరిగి, తన దారిన వెళ్ళింది.

"ఇగ ఏమన్న దాచినవా నా దగ్గర?" అన్నాడు ఆఖరికి.

రుక్మిణి కొంగుతో ముక్కు తుడుచుకుంది. కాసేపు ముందున్న రోడ్డును చూసింది.

"ఒక్కటున్నది. భయంతోని చెయ్యి వణికిన మాట నిజమే. గాని జోరు నాకు గూడ మంచిగనే అనిపిచ్చింది."