ఉప్పుగూడ డాబా మీద ఏడు గవ్వలు

గోల్కొండ కోట దర్వాజా దగ్గర కావలివాడు తన కత్తితో తనే పొడుచుకుని చచ్చిన క్షణానికే, రాహేలు ఆరేసిన బట్టలు తీయడానికి డాబా మీదికి వచ్చింది. చినుకులు మొదలయ్యాయి.

"ఎవరు సచ్చిన్రు?" అంది భుజాన దుప్పటితో.

ఆటలో కావలివాడని ప్రభాకర్ చెప్పాడు. ఎలా చచ్చాడని అడిగింది. డబ్బాలోంచి ఒకటో నంబర్ బిళ్ళ వచ్చింది, అందుకని చచ్చాడన్నాడు.

"ఇరవై బిళ్ళలల్ల ఒకటి. అంటే ఇరవైపార్లు కత్తి పడితే ఒకపారి పొడుసుకుంటడు. గట్లయితే గోల్కొండల ఒక్క సిపాయన్న మిగులుతడా?"

ప్రభాకర్ డబ్బాలోకి తొంగి చూశాడు. దుప్పటి మడత పెట్టి ఆమె వెళ్ళిపోయింది. అతని దోస్తులు రామ్‌చందర్, సోమశేఖర్ పడీపడీ నవ్వారు.

అది 1983 వానాకాలం. ప్రభాకర్ కంచన్‌బాగ్‌లో ఒక ఫ్యాక్టరీలో డ్రాఫ్ట్స్‌మన్, ఉప్పుగూడలో దావీదు గారి డాబా మీది గదిలో దిగి పది రోజులైంది. దావీదు గారు రైల్వేలో పార్సెల్ గుమస్తా, చర్చిలో పెద్ద, రాహేలుకు తండ్రి. మూడింట్లో మూడో సంగతే ప్రభాకర్‌కు ముందు ముందు ప్రాణం మీదికి తెచ్చింది.

ఇక ఆట సంగతి. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం కొన్న ఫారిన్ పత్రికలో దాని గురించి రాశారు. ఒకడు దొంగ, ఒకడు సిపాయి, ఒకడు కథ నడుపుతాడు. ఎవడేం చేయబోతున్నాడో నోటితో చెప్తాడు, అది కుదిరిందా లేదా అన్నది పాచిక చెప్తుంది. ఇరవై ముఖాల పాచిక కావాలట. హైదరాబాద్ మొత్తం తిరిగినా దొరకలేదు. అందుకని హౌసీ ఆటలో వాడే నంబర్ బిళ్ళలు ఇరవై ఏరి బిస్కెట్ డబ్బాలో పోశాడు. పత్రికలో సగం పేజీలు చిరిగిపోయాయి కాబట్టి మిగతా రూల్స్ సొంత బుర్రలోంచి తీశాడు. ఆ బుర్ర గురించి రాహేలుకు మంచి అభిప్రాయం లేదు.

మరుసటి ఆదివారం ఆమె వాళ్ళ నాయనమ్మ గవ్వలు ఏడు తెచ్చి చాప మీద పోసింది. రాహేలు కూడా కంచన్‌బాగ్‌లోనే ఇంకో ఫ్యాక్టరీలో, తనిఖీ విభాగంలో ఉద్యోగి. లోహపు ముక్కలు ఎంత గట్టివో కొలిచి గ్రాఫు గీయడం పని.

"దినాం నూరు ముక్కలు కొలుస్త. ఎక్కువ నడుమనే వస్తయి. శానా మెత్తది, శానా గట్టిది ఎప్పుడో ఒకటి. మనుషులు గూడ గంతే. నీ డబ్బాల ఒకటి, పది, ఇరవై అన్నీ సమానం. అది లాటరీ, లోకం కాదు."

ఏడు గవ్వలు విసిరి వెల్లకిలా పడ్డవి లెక్కపెట్టమంది, ఎన్ని ఎక్కువైతే పని అంత బాగా కుదిరినట్టు. ఎక్కువసార్లు మూడో నాలుగో. ఏడూ వెల్లకిలా పడటం ఆ పూటంతా చూడలేదు. కావలివాళ్ళు బుద్ధిగా కావలి కాశారు, దొంగలు కష్టపడి దొంగతనం చేశారు. కోట మొదటిసారి కోటలా అనిపించింది.

మూడో ఆదివారం రామ్‌చందర్ ఆడుతున్న దొంగ కోట మెట్లు దిగుతుంటే ప్రభాకర్ గవ్వలు వేయమన్నాడు. ఒక్కటే వెల్లకిలా పడింది, దొంగ కాలు విరిగింది.

"మెట్లు దిగనీకె గవ్వలేంది?" అంది రాహేలు. "దినాం దిగుతలేమా? ఏమైతదో తెల్వనప్పుడే ఎయ్యాలె."

ప్రభాకర్ దాన్ని నోట్‌బుక్‌లో ఒకటో రూలుగా రాసుకున్నాడు. అతను రాసుకుంటుంటే ఆమె చూపు కాసేపు అతని చేతి మీదే ఉంది. రామ్‌చందర్ ఇంకోటి పట్టాడు. ఆమె తనని, సోమశేఖర్‌ని అన్నా అంటోంది, ప్రభాకర్‌ని మాత్రం ఉత్త ప్రభాకర్ అంటోంది. ఆ సంగతి ప్రభాకర్ మూడు ఆదివారాలుగా వేరే పనేం లేనట్టు గమనిస్తూనే ఉన్నాడు.

ఆరో ఆదివారం గవ్వలు ఏరుకుంటూ, వచ్చే వారం రానని చెప్పింది. కాజీపేట నుంచి పెళ్ళిచూపులకు వస్తున్నారట. అబ్బాయి ఇంజన్ డ్రైవరట. గవ్వలు మాత్రం చాప మీదే వదిలి వెళ్ళింది.

ప్రభాకర్‌కు ఆ వారం అన్నం సయించలేదు. మనసులో మాట చెప్పే ధైర్యం లేదు కాబట్టి కాగితం మీద పట్టిక గీశాడు. పైన 'దావీదు గారిని అడగడం' అని రాసి, పక్కన 'ఏడు పడాలి' అని రాశాడు. శనివారం సాయంత్రం దాకా నలభై రెండుసార్లు విసిరాడు. ఏడు పడలేదు.

నలభై మూడోసారికి రాహేలు వచ్చి కాగితం చదివేసింది.

"ఏడని ఎవరు పెట్టిన్రు?"

"నేనే."

"బాపుతోని ఎన్నిసార్లు మాట్లాడినవ్?"

"రెండు. ఒకసారి గది కోసం, ఒకసారి నల్లా కోసం."

"రెండు రీడింగులతోని గ్రాఫు గీసినవా," అని కాగితం అతని చేతిలో పెట్టింది. "నీ భయాన్ని కొలిసినవ్, బాపును కాదు."

ప్రభాకర్ కిందికి దిగాడు. దావీదు గారు చర్చికి వేసుకెళ్ళే బూట్లకు పాలిష్ పెడుతున్నారు. రాహేలును చేసుకుంటానని ఇతను ఊపిరి తీసుకోకుండా మొత్తం చెప్పేశాడు. ఆయన బ్రష్ ఆపకుండా, మా డాబా మీద జూదం ఆడుతున్నది నువ్వే కదా అని అడిగారు. జూదం కాదన్నాడు ప్రభాకర్. మరి గెలిస్తే ఏం వస్తుందని అడిగారు. ఏమీ రాదన్నాడు. ఏమీ రాకపోతే ఎందుకాడతారని అడిగారు. మనుషులు ఎప్పుడేం చేస్తారో తెలుసుకోవడానికని చెప్పాడు.

దావీదు గారు రెండో బూటు కూడా పూర్తి చేశారు.

"కాజీపేటోళ్ళను ఇప్పుడే రావద్దని ఫోన్ చేపిస్త," అన్నారు. "నీ సంగతి సూద్దాం."

పైకి వచ్చేసరికి సన్నగా వాన. రాహేలు గది ముందు వసారాలో, చాప పక్కన నిలబడి ఉంది. బాపు ఏమన్నాడని కళ్ళతోనే అడిగింది.

"సూద్దామన్నారు."

"మూడు గవ్వలు," అని నవ్వింది. "సెప్పిన గద, నడుమనే వస్తదని." తర్వాత నవ్వు ఆపింది. "బాపును అడిగినవ్. నన్ను ఎవరు అడుగుతరు?"

కంగారులో ప్రభాకర్ చెయ్యి దానంతటదే చాప మీది గవ్వల వైపు పోయింది.

ఆమె ఆ చేతి మీద తన చెయ్యి పెట్టింది. ఏడు గవ్వలూ ఒక్కొక్కటే ఏరి కొంగున ముడి వేసుకుంది.

"దీనికి ఎయ్యరు," అంది. "ఒకటో రూలు మర్సిపోయినవా?"

మరిచిపోలేదు. అతని దస్తూరీతోనే రాసి ఉంది. ప్రభాకర్‌కు జీవితంలో అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. ఆ సంతోషంలో రామ్‌చందర్‌కు చెప్పాలని పరుగెత్తి, రోజూ దిగే మెట్ల మీదే మూడో మెట్టు దగ్గర జారి కాలు విరగ్గొట్టుకున్నాడు.