దీర్ఘానికి సాగే వేళ్లు

తాడిపత్రిలో మన ఏజెంట్ తిప్పేస్వామిని పట్టపగలే కాల్చేశారు. బండల పాలిష్ యూనిట్ వెనక, తెల్లటి రాతి బురదలో బోర్లా పడి ఉన్నాడు. లండన్ వ్యాపారి వేషం. అతని ఇంగ్లీషులో ఒక్క అచ్చు కూడా తప్పేది కాదు.

"యాడ బయటపడినాడో తెలీదు," అంది చీఫ్ నాగజ్యోతి. "ఇప్పుడు నువ్వు పోవాల, ఉదయ్."

బ్రీఫింగ్ నాలుగు నిమిషాలు. మన ఏజెంట్ల జాబితా ఒకటి విదేశీ ముఠాకు చిక్కింది. ఈ రోజు పన్నెండింటికి సరిహద్దు దాటిస్తారు. ఎక్కడినుంచన్నది ముఠాలో ఉన్న మన ఇన్ఫార్మర్ క్లారా చెబుతుంది. లండన్‌లో పుట్టి పెరిగిన మనిషి, తెలుగు ఒక్క ముక్క రాదు. జాబితాలో పద్దెనిమిది పేర్లు. పదకొండోది ఉదయ్ కుమార్.

ఉదయ్ అదే లండన్ వేషం వేసుకుని, చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. అది పాత అలవాటు. బుక్కరాయసముద్రం బడిలో గోపాలయ్య మాస్టరు ప్రతి పిల్లాడికీ, ప్రతి పిల్లకూ ఒక రబ్బరు బ్యాండు ఇచ్చేవాడు. షిప్ అంటే ఊరకుండాల, షీప్ అంటే లాగాల. "తెలుగులో దీర్ఘం కంటికి కనపడ్తాది. ఇంగ్లీషులో చేతికి తెలియాలప్పా," అనేవాడు. రబ్బరు పోయి పాతికేళ్లయినా వేళ్లు సాగడం మానలేదు. తిప్పేస్వామిదీ ఆ బడే. జేబులో తేలుండాదా అని ఉదయ్‌ని ఎగతాళి చేసేవాడు. తన చేతులు మాత్రం ఎప్పుడూ దాచుకోలేదు.

యూనిట్ ఆఫీసులో క్లారా ఒక్కతే ఉంది. ఎర్రటి స్కార్ఫ్, నల్ల కళ్లద్దాలు. బల్ల మీద బోర్లించిన ఫోన్. ముఠావాళ్లు రైల్వే స్టేషన్‌లో మీట్ అవుతారు, వెంటనే లీవ్ అవ్వాలి అని ఇంగ్లీషులో చెప్పింది.

మీట్ దగ్గర ఆమె బొటనవేలూ చూపుడువేలూ కొద్దిగా విడిపోయాయి. లీవ్ దగ్గర మళ్లీ.

ఉదయ్‌కి మొదట అది తన చెయ్యే అనిపించింది. జేబులో తడుముకున్నాడు. తన వేళ్లూ కదులుతున్నాయి. అద్దంలో తనకు తెలియని ముఖమేదో కనపడ్డట్టయింది. లండన్‌లో ఎవరూ రబ్బరు లాగి ఇంగ్లీషు నేర్చుకోరు. అయితే ఈమె తిప్పేస్వామి చేతుల్నీ ఇలాగే చూసి పోల్చుకుని ఉంటుంది.

స్టేషన్ అబద్ధం. పన్నెండుకు రెండు నిమిషాలు.

"గోపాలయ్య మాస్టరు ఎట్లుండాడని అడగవా, అక్కా?" అన్నాడు తెలుగులో.

ఆమె ముఖం మారలేదు. చూపు మాత్రం ఫోన్ మీదికి పోయింది. అది చాలు. ఉదయ్ బెల్టు బకిల్‌లోని, సిగ్నల్ ఆపేసే జామర్ నొక్కి, హ్యాండ్‌బ్యాగ్ మీదికి పోతున్న ఆమె చేతిని బల్లకు అదిమిపెట్టాడు. ఫోన్ తిప్పి చూస్తే జాబితా అప్‌లోడ్ తొంభై తొమ్మిది శాతం దగ్గర ఆగి ఉంది.

ఆమె తెలుగులో మాట్లాడింది. "వాడు నన్ను గుర్తుపట్టినాడు. నాకు ఇంకో దారి లేకపోయె."

"పట్టలేదు," అన్నాడు ఉదయ్. "పట్టింటే మాకు చెప్పుంటాడు."

ఆమె కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. బయట పాలిష్ మిషన్లు ఆగకుండా తిరుగుతున్నాయి.

జీపులో నాగజ్యోతి ఇంగ్లీషులో ప్రశ్నలు వేసింది. బేడీలు పడిన చేతులతో ఆమెకు ఇంగ్లీషు పెగల్లేదు. పేరు సుల్తానా అని, సొంతూరు బుక్కరాయసముద్రమని తెలుగులోనే చెప్పింది.

ఎట్లా కనిపెట్టావో ఢిల్లీకి ఇంగ్లీషులో రిపోర్ట్ చేయమని నాగజ్యోతి ఫోన్ అందించింది.

"మీకు తెలుగులో చెప్తా, మేడమ్," అని ఉదయ్ జేబుల్లోంచి చేతులు బయటికి తీశాడు.