కొంగుముడి

ఖతార్‌లో ముప్ఫై ఏళ్లు బండి తోలిన హనుమప్పను నేను. ఇసుక గాలిలో నేను కళ్లు మూసుకుని నడిపితే ఒంటెలే పక్కకు తప్పుకునేవి. నమ్మకపోతే మీ ఖర్మ.

ఆ సాయంత్రం దోహాలో మదీనత్ ఖలీఫా పేటలోని విల్లా నుంచి మా చిన్న యజమాని సాలెం భార్య నూరాను పుట్టింటికి తీసుకెళ్తున్నాను. పెళ్లయి నెల కాలేదు. వెనక సీట్లో సూట్‌కేసును వాటేసుకుని కూర్చుంది.

"ఇంక తిరిగి రాను," అంది అరబ్బీలో. "రాత్రయితే తన చేతికీ నా చేతికీ చున్నీ ముడేస్తాడు. విప్పితే పసివాడిలా ఏడుస్తాడు."

నాకు నవ్వొచ్చింది. "అది మా ఆంజనమ్మ చేసిన అలవాటు మేడమ్."

సాలెంను పెంచిన ఆయా ఆంజనమ్మ, ముంజేతి మీది చుక్కల పచ్చబొట్టుతో సహా మా రాయచోటి మనిషే. తల్లి మంచాన పడితే పురిటి నుంచీ ఆమే సాకింది. తను కునుకు తీస్తే పిల్లాడు ఈతకొలను వైపు పోతాడని చీర కొంగు వాడి చేతికి ముడేసేది. ఆ ముడి లేనిదే వాడికి నిద్ర పట్టేది కాదు. పెద్దయినా పట్టడం లేదన్నమాట. ఆంజనమ్మ పోయినేడు ఆ ఇంట్లోనే కన్నుమూసింది.

గొంతులు అనుకరించడంలో దోహా మొత్తం మీద నన్ను మించినవాడు లేడు. దిగులుగా ఉన్న పిల్లను నవ్విద్దామని ఆంజనమ్మ గొంతు ఎత్తుకున్నాను.

"యాడికి పోతావు నాయనా..."

దుమ్ము కమ్మేసింది. రోడ్డు మాయమైంది. బండి పక్కకు ఆపాను. ఇంజను దానంతటదే ఆగింది. ఏసీ ఆగింది. అద్దాల మీద ఇసుక గీరుతున్న చప్పుడు. లోపల ఆముదం వాసన... వక్కాకు వాసన...

నేను నోరు మూసుకునే ఉన్నాను.

"...ముడి నా కొంగుకే గదా ఉండాది," అంది వెనక నుంచి అదే గొంతు.

తలుపు లాగాను. రాలేదు. అద్దం దిగలేదు. నూరా రెండు చేతులతో తలుపు బాదుతోంది. "తియ్యి... తియ్యి..." అని అరబ్బీలో అరుస్తోంది. ఊపిరి అందడం లేదు. పహిల్వాన్లను ఎత్తి పడేసిన భుజం నాది. ఆ భుజంతో గుద్దాను. అంగుళం కదల్లేదు.

బాదడం ఆగింది.

"వద్దులే," అంది నూరా మెల్లగా. "బిడ్డ ఏడుస్తాంటాడు. ఇంటికి తిప్పు, హనుమప్పన్నా."

తెలుగులో. ఒక్క తెలుగు ముక్క రాని పిల్ల.

ఇంజను మొదలైంది. తాళం నేను తిప్పలేదు.

విల్లా గేటు దగ్గర సాలెం నిలబడి ఉన్నాడు. అతను వేలితో అలా తాకగానే బండి తలుపు తెరుచుకుంది. నూరా దిగింది. అంత మనిషీ ఆమె భుజం మీద తల వాల్చి కళ్లు మూసుకున్నాడు. ఆమె వీపు నిమురుతోంది. తొడుక్కున్న నల్ల అబాయా చెయ్యి పైకి జరిగింది.

ముంజేతి మీద, మా రాయచోటి వైపు ముసలమ్మలకుండే పచ్చబొట్టు. చుక్కల అంచుల్లో నెత్తురు ఇంకా ఆరలేదు...