చేదునీళ్ల రాగిబిందె

ఆ ఉదయం ఆకాశంలో మబ్బులున్నాయి గాని వాన లేదు. తూర్పున పుట్టిన మబ్బు జాలవరం మీదికి తొంగిచూసి, ఎవరో కసిరినట్టు పడమటి కొండల వైపు తప్పుకుంటున్నది. కుమ్మరి బయ్యన్న కుండలు కాల్చే ఆవం పక్కన నిలబడి తలెత్తి చూశాడు.

"ఎండ కాస్తుంది," అన్నాడు. ఒక పూటకు ఆయన ఆడే మాటలు అంతే. ప్రయాణానికి సిద్ధమై పక్కనే నిలబడ్డ కూతురు తిప్పమ్మ ఆ మాట విన్నది గాని మనసుకు పట్టించుకోలేదు.

ఆమె ఎక్కడికి పోతున్నదో చెప్పాలంటే ముందు జాలవరానికి వచ్చిన కష్టం చెప్పాలి.

జాలవరం రాజుకు ఒక్కడే కొడుకు, మణికేతుడు. మంచివాడే గాని వట్టి వాగుడుకాయ. పాలమ్మేదానితో పాల మాట, పసులకాపరితో పసుల మాట. ఆ గొంతు ఎలాంటిదంటే, అతడు వీధిలో మాట్లాడుతూ పోతుంటే మజ్జిగ చిలికే ఆడవాళ్లు కవ్వం ఆపి వినేవారు. ఒకనాడు వేటకని కొండల్లోకి పోయి, మంచుమడుగులో అద్దంలా నిలిచిన నీళ్లను సరదాకు ఈటెతో కెలికి బురద చేశాడు. ఆ మడుగును కాచే ముని కళ్లు తెరిచాడు.

"ఒళ్లు పెరిగింది గాని బుద్ధి పెరగలేదే నీకు! ఇక ఏదీ పెరగని పసిజీవిగా నీళ్లలో ఉండు. బుద్ధి వచ్చాక మళ్లీ ఈ మడుగుకే రా," అని శపించాడు.

భటులు చూస్తుండగానే యువరాజు జానెడు జీవి అయ్యాడు. అది చేప కాదు, తొండ కాదు. లేత గులాబీ ఒళ్లు, చిట్టి చేతులు, రెప్పలు లేని కళ్లు, మెడకు రెండు వైపులా ఎర్రని ఈకల కుచ్చులు. నోరు మాత్రం ఎప్పుడూ నవ్వుతున్నట్టే ఉండేది. భటులు భయపడి తోలుసంచిలో వేసుకుని కోటకు పరుగెత్తారు. ఆనాటి నుంచి జాలవరం మీద మబ్బు ఆగి కురవలేదు. అతడిని తిరిగి మడుగుకు తీసుకుపోదామని బయలుదేరిన వాళ్లను దారిలో ఎండమారి అనే రాక్షసి అడ్డగించి, తిత్తుల్లో నీళ్లన్నీ తాగేసి వెనక్కి తరిమింది.

కోటలో ఆ జీవిని ఎండ పడే చావడిలో పాలరాతి తొట్టిలో ఉంచారు. అడుగున ముత్యాలు పరిచారు. పాలన్నం వేశారు, దానిమ్మ గింజలు వేశారు. అది ఏదీ ముట్టక ఒక మూల ముడుచుకుని పడి ఉండేది. అన్నం పులిసి నీళ్లు వాసన కొట్టేవి. అలాంటి రోజుల్లో తిప్పమ్మ కోటకు కుండలు మోసుకువచ్చి తొట్టిలోకి వంగి చూసింది. ఆమె చేతికంటిన తడిమట్టిలోంచి ఒక వానపాము జారి నీళ్లలో పడింది. జీవి తల తిప్పి, గుటుక్కున మింగింది.

"అయ్యో! నా బిడ్డ వానపామును తింటున్నాడే!" అని రాణి గుండె బాదుకుంది.

"తిననివ్వమ్మా, బాగుంది. ఇంకోటి ఉందేమో అడుగు," అన్నది తొట్టిలోంచి ఒక బుడగల గొంతు.

అంతే, ఆనాటి నుంచి తిప్పమ్మది అదే పని. ముత్యాలు తీసి పారేసింది, మింగితే కడుపులో అడ్డం పడతాయని. తొట్టిని చీకటి మూలకు జరిపించింది. వానపాములను తడి ఆకుల్లో ఒక రాత్రి ఉంచి, వాటి కడుపులో మట్టి పోయాక కడిగి, మణికేతుడి నోటికి సరిపోయేంత ముక్క చేసి వేసేది. తిన్నంత తిన్నాక మిగిలింది గరిటెతో తీసేసేది. ఈకల కుచ్చులు మళ్లీ దాసాని పువ్వులా ఎర్రబడ్డాయి. దాంతో పాటే వాగుడూ వచ్చింది.

"కుమ్మరిపిల్లా, ఇవాళ వానపాము సన్నగా ఉంది. మీ పెరట్లో కరువా?"

"నోరు మూసుకుని తినండి చిన్నదొరా. తినేటప్పుడు మాట్లాడితే పొలమారుతుంది."

మడుగుకు తీసుకుపోయే పని కూడా ఆమెకే అప్పగించారు. ఆ సంగతి విని బయ్యన్న రెండు రోజులు కుండలు చేసే సారె దగ్గరి నుంచి లేవలేదు. మట్టిలో ఇసుక కాస్త ఎక్కువ కలిపి, వెడల్పు మూతి కుండ ఒకటి చేసి, లేతగా కాల్చాడు. నీళ్లు చెమర్చి చల్లగా ఉండాలని. మోయడానికి కొబ్బరితాడుతో చిక్కం అల్లాడు. సరిగ్గా బయలుదేరే ఉదయాన కోట నుంచి రాణి పంపిన రాగిబిందె వచ్చింది. దాని మీద హంసలు చెక్కి ఉన్నాయి. ఎండలో అది నిప్పులా మెరిసింది.

తిప్పమ్మ కుండను చూసింది, బిందెను చూసింది. దారిపొడుగునా జనం చూస్తారు. యువరాజును నాలుగు గవ్వలకు దొరికే కుండలో మోసుకుపోతే ఏమంటారు?

"నాయనా, రాజుగారి పని గదా. రాగి అయితే మర్యాదగా ఉంటుంది. రాగినీళ్లు ఒంటికి మంచివంటారు కూడా," అన్నది.

బయ్యన్న కుండను ఆవం గోడకు ఆనించి పెట్టాడు. "సరే," అన్నాడు.

ఆమె అడవి దారి పట్టింది. రోజూ తెల్లవారగానే వాగు దగ్గర ఆగి, మణికేతుడిని వాగునీళ్లు పోసిన మోదుగాకు దొప్పలో ఉంచి, బిందెను చింతపండుతో తళతళలాడేలా తోమి, కొత్త నీళ్లు నింపేది. దొప్పలో ఉన్నంతసేపూ అతడు వాగుతూనే ఉండేవాడు.

"తిప్పమ్మా, బిందెలో నీళ్లు చేదుగా ఉన్నాయి."

"రాజుగారి బిందె చేదా? మా ఇంటి కుండలో ఉంటే తెలిసేది మీకు."

"నిజంగానే. మెడ దగ్గర మండుతోంది."

"ఎత్తుకుని మోస్తున్నా గారాలు తగ్గలేదు," అని నవ్వి, అతడిని మళ్లీ బిందెలో వదిలేది. నీళ్లలో పడగానే మాట ఆగిపోయేది. అలిగాడనుకునేది. తొంగిచూస్తే నోరు నవ్వుతూనే కనిపించేది. ఇంకేం, బాగానే ఉన్నాడనుకునేది.

కాలిన కొండ దగ్గర ఎండమారి ఎదురైంది. దాని జుట్టు ఆవిరి, కాళ్లు నేలకు ఆనవు, నాలుక మాత్రం మూరెడు.

"ఏయ్ పిల్లా! దించు బిందె. దాహం," అన్నది.

"ఇందులో మా దొర ఉన్నాడు. ఒక్క గుక్కే తాగాలి."

"నా గుక్కకు చెరువు చాలదే!" అని రాక్షసి నాలుక ముంచింది. ముంచిన నాలుక వెనక్కి లాక్కుని తుపుక్కున ఉమ్మింది. "థూ! ఇవేం నీళ్లే? ఏ రాచపీనుగైనా తాగుతుందా వీటిని? పో, పో!"

తిప్పమ్మ పొంగిపోయింది. "చూశారా చిన్నదొరా, రాజుగారి బిందె మహిమ!" అన్నది. లోపలి నుంచి బదులు రాలేదు.

రెల్లు బీడులో తాటిచెట్టంత కొంగ ఒంటికాలి మీద నిలబడి ఉంది. దాన్ని దాటి పోయిన చేప లేదని అడవి చెప్పుకునేది. తిప్పమ్మ పరుగెత్తబోతే రెక్క అడ్డం పెట్టి బిందెలో ముక్కు దూర్చింది. ఆమె కళ్లు మూసుకుంది. కాసేపటికి కొంగ ముక్కు పైకెత్తి దులుపుకుంది.

"నేను బతికున్నదాన్నే తింటాను పిల్లా. చచ్చేదాన్ని తినను," అని తల తిప్పుకుంది.

తిప్పమ్మ గబగబా బిందె దించింది. బిందెలోకి వంగి చూసింది. నీడలో మెత్తగా, కదలకుండా, ఆ నోరు నవ్వుతున్నట్టే ఉంది. "కొంగకేం తెలుసు," అని తనకు తాను చెప్పుకుని నడక వేగం పెంచింది. ఆ పూట వేసిన వానపాము మర్నాడు కూడా అలాగే ఉంది.

మంచుమడుగు దగ్గర ముని రాతి మీద కూర్చుని ఉన్నాడు. బిందెలో చేయి పెట్టి జీవిని అరచేతిలోకి తీసుకున్నాడు. ఎర్రని కుచ్చులు తెల్లబడి, కాలిన దారంలా ముడుచుకుపోయి ఉన్నాయి. ముని ఆ నీటిని నాలుక కొసకు తాకించుకున్నాడు.

"ఈ బిందెను దేనితో తోమావమ్మా?"

"చింతపండుతో తాతా. రోజూ. మర్యాదగా ఉండాలని."

"పులుపు తగిలిన రాగి చిలుము కక్కుతుంది. మనకు మంచిదే కావచ్చు. వీడు చర్మంతో తాగుతాడు, ఆ కుచ్చులతో ఊపిరి తీస్తాడు. నీకు చెప్పలేదా వీడు?"

తిప్పమ్మ అతడి కుచ్చుల వైపు చూసింది. చేదని చెప్పాడు. మండుతోందని చెప్పాడు. రాక్షసి చెప్పింది, కొంగ చెప్పింది. ఆవం గోడకు ఆనిన కుండ కళ్ల ముందు మెదిలింది.

"ఇలాగే మడుగులో వదిలితే బతకడు," అన్నాడు ముని.

ఆమె ఏడుస్తూ కూర్చోలేదు. అతడిని ఊటనీళ్ల దొప్పలో ఉంచింది. ఒడ్డున మట్టి తవ్వి, ఇసుక కలిపి, సారె లేదు గనుక చేత్తోనే గోడ పెంచి, పిడకలు ఏరి లేతగా కాల్చింది. వంకర కుండే వచ్చింది గాని నీళ్లు చెమర్చింది. బండ నీడలో పెట్టి, ఊటనీళ్లు అలజడి లేకుండా పోసి, వానపామును గోటితో ముక్కలు చేసి అతడి నోటి ముందు కదిలిస్తూ కూర్చునేది. మొదట అతడు చూడను కూడా లేదు. ఒక ఉదయం ముక్క మాయమైంది. తరువాత మెల్లగా కుచ్చుల మొదళ్లలో ఎరుపు తిరిగింది, కొసల్లో కొత్త ఈకలు మొలిచాయి.

"మాట్లాడండి దొరా. చేదని చెప్పండి. వింటాను," అనేది తిప్పమ్మ. కుండలోంచి ఒక్క బుడగ రాలేదు.

చివరికి ముని తల ఊపాడు. ఆమె కుండను మడుగులో వంచింది. నీళ్లు కదలకుండానే తెరుచుకుని, మణికేతుడు మనిషై ఒడ్డెక్కాడు. చేతులు, కాళ్లు, ముఖం, అన్నీ ఉన్నాయి. నోరు తెరిచాడు. గాలి వచ్చింది, గొంతు రాలేదు.

తిప్పమ్మ ముని కాళ్ల మీద పడింది. "తాతా, ఈకలు మొలిపించావు గదా!"

"ఈ నీళ్లకు తెగిన కాలు మొలుస్తుంది, కాలిన ఈక మొలుస్తుంది," అన్నాడు ముని. "చెప్పగా చెప్పగా వినని మాట మళ్లీ మొలవదు. దానికి నా దగ్గర నీళ్లు లేవు, తల్లీ."

మణికేతుడు వంగి ఆమెను లేపాడు. రాగిబిందెను అక్కడే వదిలి, వంకర కుండను తానే భుజాన వేసుకున్నాడు.

తరువాత అతడు రాజయ్యాడు. మాట లేని రాజు గనుక ఎదుటివాడు చెప్పేది చివరిదాకా వినేవాడు, అందుకు జాలవరం బాగుపడింది. తిప్పమ్మను పెళ్లాడి రాణిని చేసుకున్నాడు, కోటలో మట్టికుండల చల్లనీళ్లే తాగేవారు. మబ్బులు మళ్లీ ఆగి కురిశాయి. అవన్నీ జరిగాయి. కాని వీధిలో కవ్వం ఆపి చెవి ఒగ్గే ఆడవాళ్లను చూసినప్పుడల్లా తిప్పమ్మ తల దించుకునేది.

మడుగు నుంచి తిరిగి వచ్చిన రోజు వాళ్లు ముందు కోటకు పోలేదు. కుమ్మరి ఇంటికి వచ్చారు. బయ్యన్న తలెత్తి ఇద్దరినీ చూశాడు, భుజాన వంకర కుండను చూశాడు. కూతురి కళ్లలోకి చూసి, లోపలికి పోయాడు. ఆవం గోడకు ఆనించిన పాత కుండ ఇప్పుడు వాకిట్లో ఇసుక మీద ఉంది, నిండా నీళ్లతో, ఒళ్లంతా చెమర్చి.

మూడు మట్టిచిప్పల్లో సంగటి వచ్చింది. మీద పచ్చిపులుసు, పక్కన ఉల్లిగడ్డ. "నాయనా," అని మొదలుపెట్టిన తిప్పమ్మ వాకిట్లో కుండ వైపు చూసింది. బయ్యన్న ఆమె చిప్పలో ఇంకో ముద్ద పెట్టాడు. మణికేతుడు కుండలోంచి ముంతతో నీళ్లు ముంచుకుని తాగి, కాసేపు కళ్లు మూసుకున్నాడు. ఆ ముంతనే మళ్లీ ముంచి ఆమె ముందు పెట్టాడు. ఆమె తాగింది. నీళ్లు చల్లగా, తియ్యగా ఉన్నాయి.

ముగ్గురూ తలలు వంచుకుని తిన్నారు.