ఫ్రిజ్‌లో మందారం

"కాస్త పక్కకి జరుగుతారా?"

"జరగడానికి ఇది కుర్చీ కాదండీ, ఫ్రిజ్!"

మెట్ల మలుపులో ఇరుక్కుపోయిన ఫ్రిజ్ వెనక నుంచి వచ్చింది జవాబు. కూల్‌డ్రింకుల షాపులో ఉంటుందే, అద్దం తలుపుతో నిలువెత్తున, అలాంటిది. ఇక బాగుపడదని తేలాక, కింద వర్క్‌షాపులో చోటు లేక డాబా మీద పడేద్దామని మోసుకెళుతున్నాడు మెకానిక్. మోటారు పీకేశాను కదా, తేలికే అనుకుని సాయానికి ఎవర్నీ పిలవలేదు. కుర్రతనం. ఆ వయసులో నడుముకి విలువ తెలియదు.

కింది మెట్టు మీద ఒక అమ్మాయి, ఆమె చేతుల్లో పెద్ద కుండీ, కుండీలో మందారం మొక్క. ఆకుల సందుల్లోంచి కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. అవి కూడా కోపంగా.

"నా చేతులు పడిపోతున్నాయి."

"కింద పెట్టండి మరి."

"పెట్టను. గచ్చు చల్లగా ఉంది."

"మొక్కకి చలేస్తుందా?"

"మెడకి ఆ మఫ్లర్ ఎందుకు చుట్టుకున్నారో, అందుకే దీనికీ వేస్తుంది."

మెకానిక్ మఫ్లర్ బిగించుకుని ఫ్రిజ్‌ని పట్టుకున్నాడు. ఎలా లాగాడో ఏమో, ఫ్రిజ్ ఒక్క ఊపులో మలుపు దాటింది.

ఆమె కళ్ళజోళ్ళ షాపులో ఫ్రేములకి అద్దాలు బిగించే పనిలో కొత్తగా చేరింది. డాబా మీది గదిలో దిగింది. ఏడాది పొడుగునా ఫ్యాన్ ఆపని సముద్రపు ఊరు ఆమెది. ఇక్కడ మాట్లాడితే నోట్లోంచి పొగ. రైల్లో దారి పొడుగునా ఆ కుండీని ఒళ్ళోనే పెట్టుకొచ్చిందట. పెట్టె మాత్రం ఎవరి కాళ్ళ కిందో.

చలి ముదిరింది. ఓ సాయంత్రం సన్నగా వాన పడుతుంటే పాత సామాను కోసం డాబా ఎక్కిన మెకానిక్ ఆగిపోయాడు. ఆమె తన శాలువా తీసి మొక్కకి చుడుతోంది. తను మాత్రం గజగజ వణుకుతోంది.

"మందారంగారూ, అది మీరు కప్పుకోవాలండీ."

"నాకు జలుబు చేస్తే మాత్ర వేసుకుంటాను. దీనికి ఏం వెయ్యను?"

"ఎందుకండీ ఒక్క మొక్క మీద ఇంత..."

"మా అమ్మ పెట్టిన పందెం. ఈ మొక్క అక్కడి గాలికి బతికితే నువ్వూ బతుకుతావు, అది ఎండిపోతే మారుమాట లేకుండా బండెక్కాలి అంది. నాకేమో ఈ ఉద్యోగం ఇష్టం. అద్దం బిగించి ఇవ్వగానే ముసలాయన పేపర్ పైకెత్తి గడగడా చదువుతాడు చూడండి, అది చూస్తే చాలు."

ఆమె ఆ ముసలాయన లాగే కళ్ళు చిట్లించి, పెద్దవి చేసి చూపించింది. మెకానిక్ వచ్చిన పని మర్చిపోయాడు.

ఎదుటివాడిలో వంక వెతకడానికి ప్రపంచంలో అందరూ తయారే. మెచ్చుకోవడమే ఎవరికీ చేతకాదు. ఈ కుర్రాడికి చేతనైంది. తనొచ్చింది పాత సామాను కోసమని గుర్తొచ్చి అటు తిరిగితే, మూల నిలబడి ఉంది ఆ ఫ్రిజ్.

"చల్లదనాన్ని బయటికి పోనివ్వని పెట్టె అండీ ఇది. వెచ్చదనాన్ని మాత్రం పోనిస్తుందా?"

అరలన్నీ పీకాడు. అద్దం తలుపుని ఎండ వచ్చే వైపు తిప్పాడు. మందారం లోపలికి వెళ్ళింది. తలుపు చుట్టూ కొత్త రబ్బరు బిగించి, సందులో కాగితం పెట్టి లాగి చూశాడు. కాగితం రాలేదు.

"చీమ కూడా దూరదు!" అన్నాడు గర్వంగా.

"మీరు మామూలు మనిషి కాదండీ," అంది ఆమె. ఆ మాటకి కుర్రాడు వారం రోజులు నేల మీద నడవలేదు.

అద్దానికి లోపల ఆవిరి పట్టింది. వెచ్చగా ఉందనడానికి అదే గుర్తు అనుకుని ఇద్దరూ మురిసిపోయారు. ఆమె రోజూ పని నుంచి వచ్చి చీకట్లోనే తలుపు తీసి, నీళ్ళు పోసి, మళ్ళీ గట్టిగా మూసేది. తీరా ఒక ఆదివారం ఆవిరి తుడిచి చూస్తే ఆకులన్నీ రాలిపోయి ఉన్నాయి. మట్టి మీద తెల్లగా బూజు.

"మీ రబ్బరే!" అంది ఆమె. "ఊపిరాడలేదు దానికి."

"రోజూ నీళ్ళెవరు పొయ్యమన్నారు?"

"మా ఊళ్ళో రోజూ పోస్తాం!"

"మా షాపులో రబ్బరు గట్టిగానే వేస్తాం!"

ఇద్దరూ ఆగిపోయారు. తన ఊరి అలవాటు ఆమె తెచ్చింది, తన పని అలవాటు అతను తెచ్చాడు. మధ్యలో మొక్క నలిగిపోయింది.

"రేపటి బండికి వెళ్ళిపోతున్నాను," అంది ఆమె మెల్లగా. "మీ పెట్టె మీరు తీసుకోండి."

మెకానిక్ ఫ్రిజ్ తలుపు పూర్తిగా తెరిచాడు. మొక్క ముందు కూలబడ్డాడు. నల్లబడిన రాగి గొట్టం కనిపిస్తే గోటితో గీకి, లోపల మెరుపుందేమో చూడటం అతనికి అలవాటు. చెయ్యి దానంతటదే మోడు దగ్గరికి వెళ్ళింది.

"ఏం చేస్తున్నారు? ఇంకా గీకుతారేంటి దాన్ని!"

"చూడండి."

బెరడు కింద సన్నటి గీత. పచ్చగా, తడిగా.

ఆమె వంగి చూసింది. కళ్ళజోళ్ళ షాపులో మిల్లీమీటర్లు చూసే కళ్ళు అవి. ఆ పచ్చదనాన్ని ఎంతసేపు చూసిందో, ఆ చూపుని అతను అంతసేపూ చూశాడు.

తర్వాత లేచి, తలుపు చుట్టూ తనే బిగించిన రబ్బరుని రెండు చేతులా పట్టుకుని బరబరా పీకేశాడు. అలాంటి పని జన్మలో ఏ మెకానిక్కూ చేసి ఉండడు.

"కొత్తది కదండీ!"

"పోనివ్వండి. మీరు బండెక్కితే నాకూ ఊపిరాడదు."

అనేశాక చెవులు ఎర్రబడ్డాయి. ఆమె నీళ్ళ చెంబు తీసుకొచ్చి అతని చేతిలో పెట్టింది.

"ఇక నుంచి నీళ్ళు మీరు పొయ్యండి. నా చెయ్యి ఆగదు."

బండి ఆమె లేకుండానే వెళ్ళింది.

మధ్యాహ్నాలు తలుపు ఓరగా తెరిచి, మట్టి ఆరితేనే తడిపి, ఇద్దరూ చలికాలం దాటించారు. ఎండలు వెచ్చబడ్డ రోజుల్లో మోడు నిండా చిగుళ్ళు, వాటి మధ్య ఒక మొగ్గ. అది విచ్చుకున్న పొద్దున, సాయంత్రానికి ముడుచుకుపోతుందని, ఆమె హడావిడిగా అమ్మకి వీడియో కాల్ చేసింది.

"చూడవే అమ్మా! నేను గెలిచాను!"

ఎర్రటి పువ్వుని అటు నుంచి అమ్మ తేరిపార చూసింది.

"పువ్వు బాగానే ఉంది గానీ, ఆ తలుపు పట్టుకున్న చెయ్యెవరిదే?"

గాలికి తలుపు కొట్టుకోకుండా పట్టుకున్న మెకానిక్ చెయ్యి చటుక్కున మాయమైంది. తలుపు ఠపీమని పడబోతే మళ్ళీ ప్రత్యక్షమైంది.

"ఇటు రా బాబూ. మొహం చూడనీ."

"నమస్కారమండీ."

"శాలువా సంగతీ, రబ్బరు సంగతీ ఇది రోజూ చెబుతూనే ఉందిలే. నీ సంగతే చెప్పలేదు. ఎంతసేపు పట్టుకుంటావలా?"

"ఎంతసేపైనా పట్టుకుంటాను, అత్తయ్యగారూ."

నాలిక కరుచుకునేలోపే మాట దాటిపోయింది.

"ఒసేయ్," అంది అమ్మ నవ్వు ఆపుకుంటూ, "ఆ అబ్బాయి చెయ్యి నొప్పెడుతుందేమో. నువ్వూ ఓ పక్క పట్టుకో."