సగటుకు లొంగని మలుపు

చౌడేశ్వరి కొలబద్దను ఆరో మలుపుకు అడ్డంగా ఆనించి, గాజుగొట్టంలో బుడగ నిలిచేదాకా ఊపిరి బిగబట్టింది. కుడివైపు తిరిగే మలుపు అది. నియమం ప్రకారం బయటి అంచు ఎత్తుగా ఉండాలి, బుడగ అటు పోవాలి. అది లోపలి అంచుకు పోయి అక్కడే అతుక్కుంది. బయటి నేల కుంగింది. నలభై రెండు మిల్లీమీటర్లు. పొద్దు పొడవక ముందు ఒకసారి, ఏడు గంటలకు ఒకసారి, ఇప్పుడు మూడోసారి.

చెయ్యి బోర్లించి తారు మీద పెట్టింది. కింద ఎక్కడో ఊట ఉంది. నిరుటి తుపానుకు కొండలోంచి దారి చేసుకున్న నీళ్లు ఈ మలుపు కడుపులో తిరుగుతున్నాయి. పదహారేళ్లు రోడ్లు వేసి, ఆపైన పదేళ్లుగా పందెపు బాటలు కొలుస్తున్న అరచేయి అది. ఎండ కాచిన తారు కింద చల్లదనం ఉందంటే ఏమిటో దానికి తెలుసు.

ముంజేతికి కట్టుకున్న నేలపలక మీద అంకె నొక్కింది. బాటల వేగాలు నిర్ణయించే యంత్రం సమగతి జవాబు రెప్పపాటులో వచ్చింది.

"కొలత తిరస్కృతం. విచలనం అధికం. సర్దిన విలువ: నాలుగు మిల్లీమీటర్లు. హద్దువేగం: గంటకు నూట నలభై రెండు."

నిరుడు కూడా నాలుగే. నిరుడు కూడా నూట నలభై రెండే. చౌడేశ్వరి పళ్లు పటపట కొరికింది.

కారు పందాల లీగ్‌లో ఏడాదికి ఇరవై రెండు పందాలు. పంతొమ్మిది గుండ్రబాటల మీదే. ముప్పాతిక కిలోమీటరు చిన్నబాట మీద బండ్లు ఒకదాన్నొకటి రాసుకుంటూ, తోసుకుంటూ పోతాయి. గిన్నె అంచులా లేచిన నడిమిబాట మీద గోడను పట్టుకుని తిరుగుతాయి. నాలుగు కిలోమీటర్ల మహాబాట మీదైతే ముందు బండి చీల్చిన గాలిలో వెనక బండి దాక్కుని పరుగెడుతుంది. దేని గుణం దానిదే. కానీ అన్నిటా తిరిగేది ఎడమకే. సమగతి ఆ పంతొమ్మిది బాటల మీద కోట్ల చుట్లు చూసి పెరిగింది. ఎడమ మలుపు దానికి ఉగ్గుపాలతో వచ్చిన విద్య.

మెలికబాటలు మూడే. వాటిలో ఎర్రగుట్ట ఒకటి. అనంతపురం దాటాక, బోడికొండల నడుమ ఐదు కిలోమీటర్ల బాట. పద్నాలుగు మలుపుల్లో తొమ్మిది కుడివైపువి. ఎక్కుడు, దిగుడు, గులకరాళ్ల అంచులు. ఇక్కడ నేల నేలలా ఉంటుంది. సమగతికి అదే గిట్టదు. మిగతా బాటల సగటుకు దూరంగా ఏ కొలత వచ్చినా, అది మనిషి పొరపాటని తీర్మానించి సర్దేస్తుంది.

దాన్ని ఉత్తపుణ్యానికి తేలేదు. ఒకప్పుడు పందెపు బాటలు శవాలను మోసేవి. సమగతి వచ్చి ప్రతి మలుపుకూ హద్దువేగం కట్టింది. బండి ఆ వేగానికే నడుస్తుంది, చోదకుడు స్టీరింగ్ చక్రం తిప్పుతాడు. భయపడి చేతిబ్రేకు లాగితే అది ధిక్కారం. మూడు ధిక్కారాలకు బండి బయటికి. ఎనిమిదేళ్లలో గుండ్రబాటల మీద ఒక్క ప్రాణం కూడా పోలేదు. ఆ మాట అబద్ధం కాదు. అందుకే నిరుడు తన కొలబద్ద ముప్పై ఒకటి చూపించినప్పుడు, చౌడేశ్వరి బద్దనే అనుమానించింది. నాలుగు మీదే, నేల సరిగ్గా ఉందని ఒప్పుకునే నేలముద్ర వేసింది.

ఆ రోజు పదకొండో చుట్టులో కుళ్లాయప్ప బండి ఇక్కడే కంచె విరుచుకుని రాళ్ల మీద పడింది. రెండు కాళ్లూ మోకాళ్ల పైకి తీసేశారు. "చోదకుడు చక్రం ఆలస్యంగా తిప్పాడు" అని నివేదిక వచ్చింది. ఆసుపత్రిలో కుళ్లాయప్ప ఒక్కటే అడిగాడు: "ఆడ నేలెట్లుండె అక్కా?"

"బాగుండెనప్పా" అంది చౌడేశ్వరి.

ఆ మాట ఏడాదిగా గొంతులో ముల్లులా ఉంది.

*

అదుపుగది కొండ మీద ఉంది. నాలుగు వైపులా అద్దాలు, లోపల చలి. పందెపు అధికారి ప్రభంజనరావు ఆమెను చూడగానే లేచి కుర్చీ చూపించాడు. మర్యాదస్తుడు. ఆయన మర్యాదకే ఆమెకు ఒళ్లు మండింది.

"ముద్ర ఇంకా రాలేదండీ చౌడేశ్వరిగారూ. పదకొండింటికి మొదలుపెట్టాలి."

"వెయ్యను సార్. ఆరో మలుపు నలభై రెండు కుంగుండాది. తొంభై ఆరు కంటే ఎక్కువ వేగంతో ఎవరొచ్చినా బయటికే పోతారు."

"యంత్రం నాలుగంటోందిగా."

"యంత్రానికి చెయ్యుందా సార్? కిందికి రండి. మూడు వందల మీటర్లే. మీ చేత్తోనే తాకి చూడండి."

ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. "నేను తాకి ఏం తేలుస్తానండీ? ఒకరి కొలత ఒక్కటే వేరుగా వస్తే దాన్ని పక్కన పెట్టాలన్నది నియమం. మీ కోసం మారుస్తామా?"

"నిరుడు మార్చింటే కుళ్లాయప్పకు కాళ్లుండేవి."

"నిరుటి నాలుగు మీద ఉన్నది మీ ముద్రేనండీ." గొంతు పెంచకుండానే అన్నాడు. చెంప మీద కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు.

ఆయన గోడవైపు తిరిగి ఏదో నొక్కాడు. రాజధానిలోని మరో పర్యవేక్షకుడి ముఖం గోడ మీద వెలిగింది. టీ తాగుతున్నాడు. ఎర్రగుట్ట ఏ దిక్కున ఉందో కూడా తెలిసినట్టు లేదు. కప్పు కింద పెట్టి, అరచేయి పలక మీద ఆనించాడు. నేలముద్ర పడింది. పన్నెండు సెకన్లు.

"మీరు కాస్త విశ్రాంతి తీసుకోండి" అన్నాడు ప్రభంజనరావు.

*

చౌడేశ్వరి దిగి బండ్ల కొట్టాలవైపు నడిచింది. మొదటి వరుసలో నిలవాల్సిన బండి దస్తగిరిది. గుండ్రబాటకు ఎడమకు ఒరిగేలా కట్టిన బండిని ఇక్కడికోసం మూడు రోజులుగా విప్పి, రెండు వైపులా సమంగా నిలబెట్టారు. చోదకుడు దస్తగిరి చక్రం పక్కన గొంతుక్కూర్చుని టైరును గోటితో గీకి చూస్తున్నాడు. కుళ్లాయప్ప దగ్గర ఆరేళ్లు పని నేర్చినవాడు.

"ముద్రేసినావా అక్కా?"

"వేసినారు. నేను కాదు."

అతను తలెత్తాడు. ఆమె కొలత చెప్పింది. కుంగిన అంచు, తొంభై ఆరు.

"నిరుడు కూడా కొల్సినావు కదా?"

"కొల్సినా. ముప్పై ఒకటి వచ్చె. నాలుగని ముద్రేసినా."

దస్తగిరి లేచి నిలబడ్డాడు. చేతిలోని శిరస్త్రాణాన్ని బండి పైకప్పు మీద దబ్బున కొట్టాడు. కొట్టంలో అందరూ ఇటు తిరిగారు.

"ఆయప్ప నిన్నే కదా అడిగింది! మంచంలో పడుకోని నిన్నే అడిగె! నాదే తప్పేమో అని ఏడాదిగా కుమిలిపోతాండాడు. నీకు తెలిసి గూడా..." వేలితో బయటి దారి చూపించాడు. "పో అక్కా. నా ముందర నిలబడాకు."

"పోతా. నిన్నేం చెయ్యమనలేదప్పా. కొలత చెప్పినా, అంతే."

"మూడు ధిక్కారాలైతే నా బండిని తోసేస్తారు. ఈ పందెంతోనే నా ఏడాది అయిపోతాది. అది గూడా తెలుసా నీకు?"

తెలుసు. ఆమె వెళ్లిపోయింది.

*

పర్యవేక్షకుల దగ్గర మాట్లాడే తీగలేని గొట్టం ఒకటి ఉంటుంది. బాట మీద నూనె పడితే, రాయి దొర్లితే అన్ని బండ్లకూ ఒకేసారి చెప్పడానికి. దాంట్లో చెప్పే మాటను నేలకబురు అంటారు. సమగతి దాన్ని వింటుంది కానీ ఆపదు. నేలకబురు ఆపితే ప్రమాదమని ఎప్పుడో రాసుకున్న నియమం.

ముప్పై ఆరు బండ్లు పచ్చదీపం కోసం వరుస కట్టాయి. చౌడేశ్వరి ఆరో మలుపు లోపలి కంచె వెనక నిలబడి గొట్టం నొక్కింది.

"నేలకబురు. నేను చౌడేశ్వరిని. ఆరో మలుపు బయటి అంచు నలభై రెండు మిల్లీమీటర్లు కుంగుండాది. హద్దువేగం నూట నలభై రెండంటాండారు. తొంభై ఆరు దాటితే బండి నిలవదు. నిరుడు ఈడ ముప్పై ఒకటి కుంగింటే నాలుగని ముద్ర నేనే వేసినా. కుళ్లాయప్ప చక్రం ఆలస్యంగా తిప్పలేదు. తప్పు నేలది. నాది. ఇంక మీ ఇష్టం."

పచ్చదీపం వెలిగింది.

ఇంజన్ల హోరు కొండల్ని కొట్టి వెనక్కి వచ్చింది. ఐదో మలుపు దిగుడులో దస్తగిరి బండి కనిపించింది, ఎర్రగా, అందరికంటే ముందు. వేగం తగ్గలేదు. చౌడేశ్వరి కంచెను రెండు చేతులా పట్టుకుంది. నేలపలక మీద అంకె మారుతోంది. నూట ముప్పై. నూట నలభై.

చేతిబ్రేకు కీచుమంది. టైర్ల కిందినుంచి పొగ లేచింది. దస్తగిరి బండి తొంభై నాలుగు మీద మలుపు తిరిగింది.

"ధిక్కారం: ఒకటి" అంది సమగతి.

రెండో బండి కూడా లాగింది. మూడోది లాగలేదు. పంతొమ్మిదో నంబరుది. నూట నలభై రెండుతో దూసుకొచ్చి, నడుము విరిగినదానిలా బయటికి జారి, కంచెను ముప్పై అడుగుల పొడవునా గీరుకుంటూ పోయింది. నిప్పురవ్వలు చిమ్మాయి. ఎడమ రేకు మొత్తం ఊడి రాళ్లలోకి ఎగిరింది. చోదకుడు ఎలాగో బండిని బాట మీదికి లాక్కున్నాడు. గొట్టంలో అతని అరుపు వినిపించింది: "నిజమేరా! నేల ల్యాదు ఈడ!"

ఆ తర్వాత వచ్చిన ప్రతి బండీ బ్రేకు లాగింది. మొదటి చుట్టులో ముప్పై ఐదు ధిక్కారాలు. రెండో చుట్టులో ముప్పై ఆరు. మూడో చుట్టులో దస్తగిరి మలుపు మధ్యలోనే బండి ఆపేశాడు. వెనక ఒక్కొక్కటే వచ్చి ఆగాయి. నియమం ప్రకారం అందరినీ బయటికి పంపాలి. పంపితే పందెం లేదు. ఒకరు తేడాగా ఉంటే తప్పు ఆ ఒకరిది. అందరూ తేడాగా ఉంటే సగటే అటు జరిగిపోతుంది.

దీపాలన్నీ పసుపుకు తిరిగాయి. నేలపలక మీద అక్షరాలు వచ్చాయి: "ఆరో మలుపు. సరైన విలువ కోరడమైనది."

వెంటనే గొట్టంలో ప్రభంజనరావు గొంతు. మొదటిసారి అందులో తొందర వినిపించింది. "చౌడేశ్వరిగారూ, అది మీ కొలతే అడుగుతోంది. నలభై రెండు వేసెయ్యండి. తొంభై ఆరుతో మళ్లీ మొదలుపెడదాం. అందరి ధిక్కారాలూ కొట్టేస్తాను."

"ముందు నిరుటిది వేస్తా."

"అది ముగిసిపోయిన నివేదికండీ!"

"ఎవరికి ముగిసింది సార్? ఆయప్పకా?"

"మీరు తెలిసి తప్పుడు ముద్ర వేశారని మీరే రాసిచ్చినట్టవుతుంది. ఉద్యోగం ఒక్కటే కాదు, కేసు కూడా పడుతుంది. ఆలోచించుకోండి."

"ఏడాది ఆలోచించినా."

ఆమె నిరుటి తేదీ తెరిచి ముప్పై ఒకటి నొక్కింది. కారణం అడిగితే "పర్యవేక్షకురాలి తప్పుడు ముద్ర" అని రాసి, అరచేయి ఆనించింది.

సమగతి వెంటనే పలకలేదు. ఎప్పుడూ రెప్పపాటులో మాట్లాడేది, ఇప్పుడు ఇరవై సెకన్లు తీసుకుంది. నిరుడు తాను సర్దిన విలువ తప్పయితే, అదే నియమంతో సర్దినవన్నీ మళ్లీ చూడాలి. నేలపలక మీద వరుసలు మొదలయ్యాయి. బాట పేరు, మలుపు, తిరస్కరించిన కొలత, కొలిచిన మనిషి పేరు. చిన్నబాటలు, మహాబాటలు, మిగిలిన రెండు మెలికబాటలు. ఎనిమిదేళ్లుగా ఎవరెవరో మోకాళ్ల మీద కూర్చుని కొలిచి, తమ బద్దనే అనుమానించి వదిలేసిన అంకెలు. వంద దాటాయి. నాలుగు వందలు దాటాయి.

"ఏం చేశారండీ మీరు?" అన్నాడు ప్రభంజనరావు. "ఏ బాటకూ అనుమతి ఇవ్వనంటోంది. ఒక్కదానికి కూడా!"

ఆమె గొట్టం ఆపేసింది.

దస్తగిరి బండి దిగి కంచె దాకా వచ్చాడు. ముఖం చెమటతో, కోపంతో ఎర్రబడి ఉంది.

"నీకోసం ఆపలా నేను" అన్నాడు. "నిన్ను నేను క్షమించేది ల్యాదు అక్కా."

"అడగలేదప్పా."

అతను ఆమె చేతికున్న పలకను చూశాడు. వరుసలు ఇంకా వస్తూనే ఉన్నాయి. వెనక్కి తిరిగి, వరసగా నిలిచిన బండ్ల వైపు చెయ్యెత్తి అరిచాడు.

"ఇంజన్లు ఆపేయండప్పా! ఈ కొలతలన్నీ చదివినాకనే కదిలేది!"

ఒకటి ఆగింది. దాని వెనక మరొకటి.